కట్టా, గట్టా, ఆనకట్టా?

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన సంగతి ఈ శీర్షిక పాత పాఠకులకు తెలుసు. అందుకే వానలు మొదలయ్యేసరికి భాష ప్రశ్నలతో పాటు చెరువుల ప్రశ్నలూ వస్తుంటాయి. ఈసారి రెండూ కలిసిన ఉత్తరాలే ఎక్కువగా ఉన్నాయి. వాటినే ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నేను అనువాదాలు చేస్తుంటాను. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లిన్స్‌ను ముంచిన సంగతులున్న ఒక రచనను తెలుగు చేస్తున్నాను. అందులో డ్యామ్, లెవీ, డైక్, ఎంబాంక్‌మెంట్, వియర్ అని రకరకాల మాటలున్నాయి. నా దగ్గరున్న నిఘంటువు అన్నిటికీ దాదాపు ఒకటే అర్థం చెబుతోంది. అన్నిచోట్లా ‘ఆనకట్ట’ అని రాస్తే ఎడిటర్ తిప్పి పంపారు. తేడా ఎలా పట్టుకోవాలి?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ ఎడిటర్ మంచి పని చేశారమ్మా. న్యూ ఆర్లిన్స్‌లో తెగినవి ఆనకట్టలు కానే కావు. ఆ ఊరు చాలా భాగం సముద్రమట్టం కన్నా పల్లంలో ఉంటుంది. ఒకపక్క మిసిసిపి నది, ఇంకోపక్క పెద్ద సరస్సు. ఆ నీళ్లు ఊళ్లోకి రాకుండా ఒడ్డు వెంబడి, ఊరి కాలువల వెంబడి ఎత్తుగా మట్టికట్టలు, గోడలు కట్టుకున్నారు. అవి తెగడంతో నగరంలో 80 శాతం దాకా మునిగింది. అలాంటి కట్టకు మనకు చక్కటి మాట ఉంది: కరకట్ట.

ఇలాంటి చోట నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఆ కట్టడం ప్రవాహానికి అడ్డంగా ఉందా, వెంబడి ఉందా? నీళ్లు దాని మీదుగా దూకవచ్చా, దూకకూడదా? ఈ రెండూ తేలితే ఏ మాట వాడాలో తెలిసిపోతుంది.

అడ్డంగా ఉండేవాటిలో పాతది ఆనకట్ట. దీని ఎత్తు తక్కువ. నీటిని ఏడాది పొడవునా దాచిపెట్టడం దీని పని కాదు. నదిలో నీటిమట్టాన్ని కాస్త పెంచి పక్కనున్న కాలువల్లోకి మళ్లిస్తుంది. వరదొస్తే నీళ్లు దాని నెత్తి మీద నుంచే దూకిపోతాయి. అలా దూకినా చెక్కుచెదరకుండా ఉండేలాగే రాతితో కడతారు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి గోదావరి మీద పూర్తిచేసింది ఇలాంటిదే. అక్కడ గోదావరి నాలుగు పాయలుగా ఉంటుంది కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని ఆనకట్ట కూడా నాలుగు ముక్కలు. ఇంగ్లీషువాళ్లకు ఈ రకం కట్టడానికి సరిపడే మాట దొరక్కపోయిందో ఏమో, మన దక్షిణాది మాటనే తీసుకుని ‘అనికట్’ అని వాళ్ల రికార్డుల్లోకి ఎక్కించుకున్నారు. హైదరాబాద్ వాళ్లు చూడాలంటే గోదావరి దాకా పోనక్కర్లేదు. మెదక్ దగ్గర మంజీర మీద 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట ఉంది. వానాకాలంలో ఒక ఆదివారం వెళ్లి చూడండి. నది మొత్తం పరుచుకుని రాతి అంచు మీద నుంచి తెల్లగా దిగుతుంటే, ఆనకట్టకీ డ్యామ్‌కీ తేడా ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. దానికి అటూ ఇటూ మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలువలు బయల్దేరతాయి. మళ్లించడం అంటే ఏమిటో అక్కడ కళ్లకు కడుతుంది.

బ్యారేజి పని కూడా మళ్లించడమే. కాకపోతే నది వెడల్పంతా స్తంభాలు, వాటి మధ్య గేట్లు. వరదొస్తే గేట్లెత్తి నదిని నదిలా పోనిస్తారు. విజయవాడలో 1850లలో కట్టిన ఆనకట్ట 1952లో తెగిపోతే, దాని స్థానంలో 1957కి ప్రకాశం బ్యారేజి వచ్చింది. ధవళేశ్వరంలోనూ అంతే, పాత ఆనకట్ట స్థానంలో 175 గేట్ల బ్యారేజి కట్టారు. అయినా ఆ చుట్టుపక్కల పెద్దవాళ్లు ఇప్పటికీ ‘ఆనకట్ట దగ్గర’ అనే అంటారు. పాత పేరు మీద మమకారం అంత తేలిగ్గా పోదు, పోనక్కర్లేదు కూడా. కానీ మీరు ఇప్పటి కట్టడం గురించి రాస్తుంటే మాత్రం బ్యారేజి అనే రాయాలి. 2023 అక్టోబరులో మేడిగడ్డలో పిల్లర్లు కుంగినప్పుడు కొందరు డ్యామ్ కుంగిందనీ, కొందరు ఆనకట్ట కుంగిందనీ రాశారు. అది బ్యారేజి. ఆ తర్వాత అందులో ఎన్ని నీళ్లు నిలపాలి, ఎన్నాళ్లు నిలపాలి అని ఎంతో చర్చ జరిగింది. డ్యామ్ అనుకుని చదివితే ఆ చర్చలో సగం అర్థం కాదు.

డ్యామ్ అంటే నిలవ. లోయకు అడ్డంగా ఎత్తుగా కట్టి నెలల తరబడి నీళ్లు దాచేది. నాగార్జునసాగర్ నిండుమట్టం 590 అడుగులు అని ప్రతి వానాకాలం వార్తల్లో వింటూనే ఉంటాం. అక్కడ గమనించాల్సింది ఒకటుంది. మధ్యలో 26 గేట్లున్న భాగం రాతికట్టడం. దానికి రెండు వైపులా ఉన్నది మట్టికట్ట. రాతి భాగం నుంచి నీళ్లు దూకించవచ్చు. మట్టి భాగం మీదుగా మాత్రం ఒక్క జాన నీరు కూడా పారకూడదు. ఒకే డ్యామ్‌లో రెండు స్వభావాలన్న మాట. పాఠ్యపుస్తకాల్లో ‘నాగార్జునసాగర్ ఆనకట్ట’ అని చదువుకునే పెరిగాం కాబట్టి అది తప్పని నేననను. జనం నోట్లో స్థిరపడిపోయింది. కానీ డ్యామ్, ఆనకట్ట రెండూ పక్కపక్కన వచ్చే రచనలో మీరు వాటిని విడివిడిగా ఉంచకపోతే పాఠకుడు దారి తప్పుతాడు.

ఇక వెంబడి ఉండేవి. నది పొంగినప్పుడు ఊళ్లనూ పొలాలనూ కాపాడటానికి ఒడ్డు వెంట పొడుగ్గా పోయేది కరకట్ట. భద్రాచలం వాళ్లకు ఈ మాట విలువ తెలుసు. అక్కడ గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. ఆ తర్వాతే ఊరికి కరకట్ట కట్టారు. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు అందరి ప్రాణాలూ ఆ కట్ట మీదే ఉన్నాయి. కరకట్టతో ఒక చిక్కుంది. బయటి వరదను లోపలికి రానివ్వనట్టే, ఊళ్లో పడిన వాననీటిని బయటికి పోనివ్వదు. నది మట్టం పెరిగితే తూముల తలుపులు మూసేసి, మోటార్లు పెట్టి లోపలి నీళ్లు తోడిపోయాలి. న్యూ ఆర్లిన్స్‌లో ఊరి మధ్య కాలువలు, పంపులు ఉన్నదీ అందుకే. మీ రచనలో పంపుల ప్రస్తావన వస్తే, అది కరకట్ట కథలో భాగమేనని గుర్తుపెట్టుకోండి.

లెవీ అనే మాటను తెలుగు లిపిలో అలాగే దించేయకండి. లెవీ అనగానే మన పాఠకులకు ఒకప్పుడు మిల్లర్లు ప్రభుత్వానికిచ్చిన లెవీ బియ్యం గుర్తొస్తాయి. హాలండ్‌లో డైక్ అంటే చాలావరకు సముద్రాన్నీ నదులనూ ఆపే కట్ట. కాబట్టి సముద్రం పక్కన ఉంటే సముద్రపు కట్ట, నది పక్కన ఉంటే కరకట్ట అనండి. ఎంబాంక్‌మెంట్ చాలా విశాలమైన మాట, రైలు కట్టకు కూడా అదే. దానికి వట్టి ‘కట్ట’ చాలు. వియర్ నదిలో ఉంటే ఆనకట్ట, చెరువుకి ఉంటే అలుగు. దీని సంగతి ఇంకో ఉత్తరంలో వస్తుంది.

ప్రశ్న: మా దోమలగూడలో అందరం ‘ట్యాంక్‌బండ్ కట్ట’ అంటాం. బండ్ అంటే కట్టే కదా, రెండుసార్లు అన్నట్టు కాదా? ఇంతకీ బండ్ ఇంగ్లీషా, ఉర్దూనా?
— ఒక పాఠకుడు, దోమలగూడ

జవాబు: మూలం పారశీకం. అక్కడ ‘బంద్’ అంటే కట్టేసినది, ఆపినది. మనం రోజూ వాడే బంద్, బందోబస్తు ఆ ఇంటి పిల్లలే. ఉత్తరాదిన నీటికట్టను బంధ్ అంటుంటే విని ఇంగ్లీషువాళ్లు బండ్ అన్నారు. ఆ మాటను ఓడలెక్కించి చైనా దాకా తీసుకుపోయారు. షాంఘైలో నది ఒడ్డు రోడ్డును ఇప్పటికీ బండ్ అనే అంటారు. మనకు మాత్రం అది ‘ట్యాంక్’ పక్కన చేరి ఇంగ్లీషు పేరులాగా తిరిగొచ్చింది.

రెండుసార్లు అన్నట్టే, నిజమే. కానీ ట్యాంక్‌బండ్ మనకిప్పుడు ఒక చోటు పేరు. చోటు పేరుకు కట్ట తగిలిస్తే తప్పేం లేదు. సాగర్ అంటే సముద్రమైనా ‘హుస్సేన్‌సాగర్ చెరువు’ అనడం లేదూ? మిషన్ కాకతీయ వచ్చాక ఊరూరా చెరువుకట్టను వెడల్పు చేసి, బెంచీలు, లైట్లు పెట్టి ‘మినీ ట్యాంక్‌బండ్’ అని పేరు పెట్టారు. మన ఊరి చోటు పేరు జిల్లాల్లో మామూలు నామవాచకం అయిపోయింది. నాకు మాత్రం ‘ఊరి చెరువు కట్ట’ అనే బోర్డు ఒక్కటైనా కనిపిస్తే బాగుండును అనిపిస్తుంది.

1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు అది. పైన కారులో పోతుంటే అది రోడ్డులాగే ఉంటుంది. లోయర్ ట్యాంక్‌బండ్ నుంచి తలెత్తి చూడండి, మీ నెత్తికి ఎంత ఎత్తున నీళ్లు నిలబడి ఉన్నాయో అప్పుడు అర్థమవుతుంది. అక్కడి గుడిలో అమ్మవారి పేరు కట్టమైసమ్మ. తెలంగాణలో చెరువున్న ప్రతిచోటా కట్ట మీదో, కట్ట కిందో మైసమ్మ ఉంటుంది. కట్ట తెగకుండా చూడమ్మా అని మొక్కుకుని, బోనాలెత్తుతారు. ఆ తల్లిని బండ్ మైసమ్మ అన్నవాళ్లు ఇంతవరకు లేరు. కాబట్టి ‘కట్ట’ మన ఊళ్లో ఎక్కడికీ పోలేదు. మీరు నిశ్చింతగా ట్యాంక్‌బండ్ కట్ట అనుకోండి.

ఆ కట్ట మీదున్న విగ్రహాల్లో కాటన్ దొర కూడా ఉన్నారు. పిల్లలకు ఆనకట్టకీ చెరువుకట్టకీ తేడా చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ప్రశ్న: మాది కోనసీమ, రాజోలు వైపు. మేం ఏటిగట్టు అంటాం. మా ఆవిడది నల్గొండ జిల్లా. గట్టు అంటే కొండ కదా, ఏటికి కొండెక్కడిది అని నవ్వుతుంది. మా అబ్బాయి పుస్తకంలో కరకట్ట అని ఉంది. ఎవరిది ఒప్పు?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముగ్గురిదీ ఒప్పే. గోదావరి జిల్లాల్లో గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల వెంబడి ఉన్న వరదకట్టను ఏటిగట్టు అంటారు. కృష్ణ వైపు అదే కరకట్ట. విజయవాడ నుంచి అవనిగడ్డ వైపు వెళ్లే కరకట్ట రోడ్డు పేరు వినే ఉంటారు. ప్రభుత్వ కాగితాల్లో కూడా గోదావరి దగ్గర ‘ఏటిగట్ల పటిష్ఠం’ అనీ, కృష్ణ దగ్గర ‘కరకట్ట పనులు’ అనీ రాస్తారు. మీ ఊళ్లో వరదొస్తే లంకల వాళ్లు పశువులను తోలుకుని ఏటిగట్టు మీదికే వస్తారు. మీకు ఆ మాటలో ఎంత భరోసా ఉందో నేను ఊహించగలను. మీ అబ్బాయికి రెండు మాటలూ నేర్పండి.

మీ ఆవిడ అన్నదీ సబబే. తెలంగాణలో గట్టు అంటే గుట్ట. నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు అని పెద్ద క్షేత్రం ఉంది. జడల రామలింగేశ్వరస్వామి గుడి గుట్ట మీదే ఉంటుంది. గద్వాల వైపు గట్టు అనే ఊరు కూడా ఉంది. చుట్టూ ఉన్నదాని కన్నా ఎత్తుగా లేచిన నేల అనే అర్థం రెండు చోట్లా ఉంది. మీ నేల బల్లపరుపు కాబట్టి లేచిన నేల అంటే ఏటి పక్కదే. వాళ్ల నేల మీద గుట్టలున్నాయి. ఇద్దరూ కష్టం నుంచి బయటపడితే ‘గట్టెక్కాం’ అనే అంటారు.

పొలంలోకి దిగితే ఇంకా బాగుంటుంది. మడికీ మడికీ మధ్య ఉండేది మీకు గట్టు. చిత్తూరు, కడప వైపు గెనిమ. తెలంగాణలో ఒడ్డు. నాట్లకు ముందు ‘ఒడ్డు చెక్కుడు’, ‘ఒడ్డు పెట్టుడు’ అని రెండు పనులుంటాయి. మొదట పారతో ఒడ్డు పక్కల మొలిచిన గడ్డిని నిలువుగా చెక్కేస్తారు. ఎండ్రికాయల బొక్కలు అప్పుడు బయటపడతాయి. తర్వాత మడిలోని మెత్తటి బురద పారతో ఎత్తి ఆ చెక్కిన ముఖానికి కొట్టి, పార వెనకవైపుతో నున్నగా మెత్తుతారు. ఆ బురద ఆరి బిగుసుకుంటే చుక్క నీరు పక్క మడిలోకి పోదు. పెద్ద పెద్ద మట్టి డ్యామ్‌ల లోపల బంకమట్టి గర్భం పెట్టి రోలర్లతో తొక్కించేది కూడా ఈ పని కోసమే. మీ ఆవిడను అడగండి, వాళ్ల ఊళ్లో ఒడ్డు పెట్టుడు చూసే ఉంటారు. నగరంలో పెరిగే పిల్లలకు చూపించాల్సిన పని అది.

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతున్నాను. అలుగు, మత్తడి, కలుజు ఒకటేనా? తూముకీ అలుగుకీ తేడా ఏమిటి?
— ఒక అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: మూడూ ఒకటే. చెరువు నిండాక ఎక్కువైన నీరు బయటికి పోయేందుకు కట్టకు ఒక చివర రాతితో కట్టిన తక్కువ ఎత్తు గోడ అది. తెలంగాణలో ‘మత్తడి దుంకుతోంది’, ‘అలుగు పోస్తోంది’ అంటారు. నెల్లూరు వైపు కలుజు, అనంతపురం వైపు మరవ. తూము పని వేరు. కట్ట అడుగున ఉండి, మనం తలుపు ఎత్తితే పొలాలకు నీళ్లు వదిలేది తూము. తూము మన చేతిలో ఉంటుంది, అలుగు ఎవరి మాటా వినదు.

ఈ మధ్య ఎఫ్‌టీఎల్ (చెరువు నిండుమట్టం), బఫర్ జోన్ (దాని చుట్టూ కట్టడాలు రాకుండా వదలాల్సిన జాగా) అని తెగ వింటున్నాం కదా. గేట్లు లేని చెరువుకు ఎఫ్‌టీఎల్‌ను నిర్ణయించేది అలుగు ఎత్తే. అలుగును ఒక అడుగు పగలగొడితే నీళ్లు ఒక అడుగు కిందే ఆగిపోతాయి, చుట్టూ శిఖం భూమి, అంటే చెరువు గర్భంలోని నేల, ఆరిపోయి తేలుతుంది. ఆ తర్వాత అక్కడ ప్లాట్ల రాళ్లు నాటుకుంటాయి. చెరువు చచ్చిపోవాలంటే పూడ్చనక్కర్లేదు, అలుగు మీద దెబ్బ పడితే చాలు. పరీక్షలో ఇది అడిగినా అడక్కపోయినా, రేపు మీరు ఆఫీసరు కుర్చీలో కూర్చున్నప్పుడు గుర్తుంచుకోండి.

మీ అశోక్‌నగర్ పక్కన పారే నాలా హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లదే. ఆ చెరువు నిండుమట్టం 513.41 మీటర్లు. ఆ అంకెకు చేరువైనప్పుడల్లా మీ గల్లీలకు హెచ్చరికలు ఎందుకొస్తాయో ఇప్పుడు తెలిసింది కదా. కాకతీయుల కాలం నుంచి మనకున్న గొలుసుకట్టు చెరువుల్లోనూ ఇదే కిటుకు. పై చెరువు మత్తడి నీళ్లు కింది చెరువులోకి, దాని మత్తడి నీళ్లు ఇంకా కిందికి.

ప్రశ్న: మా కాలనీ ఒక చెరువు కట్ట కింద ఉంది. 2020 అక్టోబరు నుంచి వానొస్తే చాలు టెన్షన్. మొన్న ఒకాయన కట్టకు బుంగ పడిందని వాట్సాప్ గ్రూపులో పెట్టారు, ఇంకొకాయన గండి పడిందన్నారు, మూడో ఆయన కట్ట తెగిందని పెట్టేసరికి సగం మంది పిల్లలతో రోడ్డు మీదికొచ్చారు. తీరా చూస్తే చిన్న తడి. ఏ మాట ఎప్పుడు వాడాలో చెప్పండి.
— ఒక గృహిణి, బాలాపూర్ వైపు కాలనీ

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నేను అన్నిటికన్నా శ్రద్ధగా జవాబు రాస్తున్నది మీకే. 2020 అక్టోబరులో గగన్‌పహాడ్ అప్ప చెరువు, పల్లె చెరువు, మీ వైపు గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీల మీద పడ్డాయి. మీ భయానికి కారణం ఉంది. సరైన మాట తెలిస్తే సరైన కబురు వెళ్తుంది.

మొదటిది చెమ్మ, ఊట. కొన్ని ఊళ్లలో జాలు అంటారు. మట్టికట్ట అన్నాక లోపలి నీరు కొద్దికొద్దిగా ఇంకి వెనకవైపు అడుగున తేలుతుంది. అది ఎప్పుడూ ఉండేదే అయితే, పెరగకపోతే, కంగారు అక్కర్లేదు.

రెండోది బుంగ. ఒకచోట నుంచి నీరు ధారగా రావడం. ఎలుకో, ఎండ్రికాయో, చీమలపుట్టో, ఎండిపోయిన చెట్టు వేరో దారి చేసి ఉంటుంది. ఇక్కడ చూడాల్సింది నీటి రంగు. నాకు ఈ పని నేర్పింది ఒక ఊరి నీరటి. చెరువు నీళ్లు చూసుకునే మనిషి. స్టీలు గ్లాసులో ఆ ధార పట్టి, కాసేపు కదలకుండా పెట్టి, పై నీళ్లు వంపేసి అడుగు చూసేవాడు. అడుగున ఏమీ లేకపోతే నీరు మాత్రమే వస్తోందన్న మాట. సన్నటి మట్టి పేరుకుంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. లోపల సొరంగం పెద్దదవుతున్నట్టే. అప్పుడు క్షణం ఆలస్యం చేయకూడదు. వెనకవైపు నుంచి గుడ్డలు, బస్తాలు కుక్కి మూసేయాలని అందరికీ అనిపిస్తుంది. అలా చేస్తే నీరు పక్కన ఇంకో దారి వెతుక్కుంటుంది. తెలిసినవాళ్లు చేసే పని వేరు. బుంగ మీద ఇసుక, కంకర పొరలుగా వేసి, చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేరుస్తారు. నీరు వడకట్టుకుని బయటికొస్తుంది, మట్టి లోపలే ఆగుతుంది. బస్తాల మధ్య నీరు నిలిచేకొద్దీ ధార జోరు తగ్గుతుంది. ఇది ఇంజనీర్లు, వాళ్ల సిబ్బంది చేయాల్సిన పని. మీరు చేయాల్సింది దూరంగా నిలబడి కబురు పంపడం.

మూడోది గండి. కట్టలో కొంత భాగం పై నుంచి కింది దాకా కొట్టుకుపోయి నీరు పారుతుంటే అది గండి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరుకు పడినవి గండ్లు. వాటిని పూడ్చడానికి ఆర్మీ కూడా దిగాల్సి వచ్చింది. ‘కట్ట తెగింది’ అనేది గండి పడ్డాక చెప్పే మాటే, ఇక చెరువంతా కిందికి వస్తోందని. ఆ మాట అన్నాక జనం పరుగెత్తాల్సిందే. కాబట్టి కళ్లతో చూసినవాళ్లు తప్ప ఎవరూ ఆ మాట గ్రూపులో పెట్టకూడదు.

ఇంకో మూడు గుర్తులు: కట్ట మీద పొడవునా పగులు, వెనక వాలు ఒకచోట జారి ఉబ్బడం, నీరు కట్ట పై అంచుకు దగ్గరగా రావడం. వీటిలో ఏది చూసినా 112కి ఫోన్ చేసి, ఏ చెరువు, కట్టకు ఏ చివర, నీరు తేటగా వస్తోందా బురదగా వస్తోందా, ఈ మూడూ చెప్పండి. ‘బుంగ పడింది, బురదనీరు వస్తోంది’ అన్న ఒక్క వాక్యంతో అవతలి ఇంజనీరుకు పరిస్థితి అర్థమైపోతుంది.

ఈ జాగ్రత్త మనవాళ్లకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. ఆరు దోషాల్లో మొదటిది కట్ట నుంచి నీరు ఊరడం! ఆ చెరువు కట్టడానికి వెయ్యి మంది కూలీలు, వంద బళ్లు రెండేళ్లు పనిచేశారని కూడా రాశారు. అంత కష్టపడి కట్టినవాళ్లు కాబట్టే ఊటను మొదట పెట్టారని నేననుకుంటాను.

ప్రశ్న: సేతువు అంటే వంతెన కదా. మరి ‘గతజల సేతుబంధనం’ అంటే నీళ్లు పోయాక వంతెన కట్టడం అనేనా? అర్థం కుదరడం లేదు.
— ఒక తెలుగు టీచరు, సైదాబాద్

జవాబు: వంతెన అనుకుంటే కుదరదు. నీళ్లు పోతే వంతెన అవసరమే లేదు. సంస్కృతంలో సేతువుకు కట్ట అనే అర్థం కూడా ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సేతుబంధం అంటే చెరువుల్లాంటి నీటిపారుదల కట్టడాలే. నీళ్లన్నీ వెళ్లిపోయాక కట్ట వేసి ఏం లాభం అని సామెత భావం. పిల్లలకు అలా చెబితే వెంటనే అందుతుంది.

ప్రశ్న: ‘అవినీతికి అడ్డుకట్ట’ అని రాస్తారు, ‘అవినీతికి ఆనకట్ట’ అని రాస్తే తప్పా?
— ఒక జర్నలిజం విద్యార్థి, ఉస్మానియా క్యాంపస్

జవాబు: వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు, ఆనకట్ట వేశారని రాసేవాళ్లూ ఉన్నారు. నేనైతే అడ్డుకట్టే రాస్తాను. ఆనకట్ట నీటిని పూర్తిగా ఆపదు, కాస్త ఆపి కాలువల్లోకి పంచుతుంది. అవినీతిని కాలువల్లోకి పంచమని మీ ఉద్దేశం కాదు కదా.

ప్రశ్న: మా ఊరి వాగు మీద చెక్‌డ్యామ్ కట్టారు. తెలుగులో ఏమనాలి?
— ఒక పాఠకుడు, చౌటుప్పల్

జవాబు: మీ జిల్లాలోనే మాట ఉంది. వాగుకో నదికో అడ్డంగా వేసిన చిన్న కట్టను మీ వైపు పెద్దలు కత్వ అంటారు. హైదరాబాద్ దాటాక మూసీ మీద పిల్లాయిపల్లి లాంటి చోట్ల కత్వలున్నాయి. వాటి నుంచి బయల్దేరిన కాలువలే ఎన్నో ఊళ్ల చెరువులు నింపుతాయి. మీ వాగు మీది కట్టడం నుంచి కాలువ తీస్తే దాన్ని హాయిగా కత్వ అనండి. నీళ్లు నిలబెట్టి భూమిలోకి ఇంకించడానికే కడితే మాత్రం చెక్‌డ్యామ్ అనే ఉంచండి, ఇప్పుడు రైతులందరూ అదే అంటున్నారు. పంచాయతీ బోర్డు రాయించేటప్పుడు మీ ఊళ్లో డెబ్బై దాటిన రైతును ఒకసారి అడిగి, ఆయన చెప్పిన పేరే రాయించండి.